కైలాసం దుకాణం ముందర ఆగే సైకిలు

పటాన్‌చెరు బజారులో తన కిరాణా దుకాణం తెరవడానికి కైలాసానికి ఒక పద్ధతి ఉండేది. ముందు షట్టరు సగమే లేపుతాడు. ఆ సందులోంచి వంగి లోపలికి పోయి, లక్ష్మీదేవి పటం ముందు అగరొత్తి వెలిగించి, మళ్లీ వంగి బయటికొచ్చి మిగతా సగం లేపుతాడు. ఒక్కసారే ఎత్తితే పోయేదానికి ఇంత తిప్పలెందుకని ఎవరైనా అడిగితే, "పొద్దుగాల దేవుని ముందర రెండుసార్లన్న వంగాలె గద. లేకుంటే దినమంత గిరాకీల ముందర వంగుడే అయితది," అనేవాడు. ఎదుటివాళ్లు నవ్వేలోపు తానే నవ్వేసేవాడు. తన గురించి నవ్వే అవకాశం ఇంకొకరికి వదలడం నష్టమని అతని లెక్క.

తర్వాత మెట్ల మీద నీళ్లు చల్లి, ఎండుమిరప బస్తాలు బయట సర్ది, మెట్ల పక్కన నిలబడేవాడు. దుకాణం వెనకే ఇల్లు. ఆ ఇంట్లోంచి భార్య శకుంతల రెండు చాయలు తెచ్చి బల్ల మీద పెట్టేది. ఒకటి కైలాసానికి. రెండోది ఎవరికన్న జవాబు కాసేపట్లో సైకిలెక్కి వచ్చేది.

ఆ బజారులో దుకాణాల మెట్లకూ రోడ్డుకూ నడుమ ఒక సైకిల్ బాట ఉండేది. నాలుగు మూరల వెడల్పు, దానికీ రోడ్డుకూ మధ్య సున్నం కొట్టిన రాళ్ల వరుస. చుట్టుపక్కల కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న కాలంలో, లారీలూ సైకిళ్లూ ఒకే దారిన పోతే సైకిళ్లే మిగలవని అప్పటి పంచాయతీ వేయించింది. రాత్రంతా పని చేసిన మూడో షిఫ్టు వాళ్లు తెల్లవారాక ఆ బాట మీద నిద్రపోతూ ఇళ్లకు పోయేవాళ్లు. మొదటి సున్నపు రాయి దాటి ముందు చక్రం బాటలో పడగానే కళ్లు మూతలు పడేవి. కాళ్లు తొక్కితే తొక్కేవి, లేకుంటే లేదు, సైకిలుకు రెండూ ఒకటే. మేక అడ్డమొస్తే గంట తనంతట తానే ఒక్కసారి, పైవాణ్ణి లేపకుండా, మెల్లగా మోగేది. కూరగాయల ముత్యమ్మ ఆ కాసేపు గొంతు తగ్గించి గుసగుసగా వంకాయలమ్మేది. హోటలతను రేడియో చిన్నగా పెట్టేవాడు. బజారు చివర ఇంద్రేశం సైకిళ్లు ఇంద్రేశం దిక్కు, మిగతావి మిగతా ఊళ్ల దిక్కు మళ్లేవి. ఇంటి ముందర ఆగితే ఇంట్లోవాళ్లు వచ్చి దింపుకునేవాళ్లు. ఎండ వస్తుంది, వాన వస్తుంది, మూడో షిఫ్టు నిద్రపోతూ వస్తుంది. ఎవరికీ వింత కాదు.

కైలాసానికీ వింత కాదు గాని, ఇబ్బంది. ఆ వరుసలోంచి ఒక్క సైకిలు మాత్రం రోజూ పక్కకు మళ్లి, అతని మెట్ల ముందర ఆగి, తనే స్టాండు దించుకునేది. దాని మీద పైపుల కంపెనీలో పనిచేసే లింగం, హ్యాండిలు మీదికి వాలి, నోరు తెరుచుకుని నిద్రపోతుండేవాడు.

ఆ సైకిలు ఒకప్పుడు కైలాసానిదే. "మీరు సైకిల్ తొక్కుతుంటే సైకిలే మిమ్మల్ని తొక్కుతున్నట్టుంటది," అని శకుంతల అనేది. ఆ మాట బజారంతా ఎక్కకముందే తానే బజారంతా చెప్పుకుని, స్కూటరు కొని, సైకిల్ని లింగానికి అమ్మేశాడు. పాత సైకిలు పాత ఇల్లు మరవదన్నది అందరికీ తెలిసిన సంగతే. ఒకాయన జోగిపేటలో పాత సైకిలు కొని, మొదటి రోజే బాట మీద కన్ను మూసి, మధ్యాహ్నానికి జోగిపేటలో కన్ను తెరిచాడట. బస్సు మీద సైకిలేసుకుని తిరిగొచ్చాడు. అప్పట్నుంచి దూరపు ఊళ్ల సైకిళ్లు ఎవరూ కొనరు.

"లే, లింగం. గిది నీ ఇల్లు గాదు," అన్నాడు కైలాసం, రోజూ అనే మాటే.

లింగం కళ్లు నులుముకుని చుట్టూ చూశాడు. "మల్ల గీడికే తెచ్చిందా, సేటు?"

"తేక ఏం జేస్తది? అమ్మిన్నాడే చెప్పిన నీకు, దానికి అకల్ లేదు, తెలివి తక్కువదని."

"అకల్ లేక గాదు. నీ మీద ప్రేమ, పావురం."

"ఆ పావురం నేను తొక్కిన్నాడు సూపియ్యాలె. మూడుసార్లు మోరీల పడేసింది. పడేసి, పైకెల్లి గంట గూడ కొట్టింది."

లింగం నవ్వి చాయ అందుకున్నాడు. నలభై దాటిన మనిషి. ఇంద్రేశంలో వాళ్లకు భూమి ఉండేది. అన్నదమ్ములు పంచుకున్నారు, పంచుకున్నది ప్లాట్లవాళ్లు కొనుక్కున్నారు. భార్య కాలం చేసింది. అన్న ఇంట్లో ఒక పక్క గది మిగిలింది. ఆ గది తలుపు తీసేదీ లింగమే, వేసేదీ లింగమే.

"రేపటి పంచాయతీ సభల నీ బాట తీసెయ్యమని మాట్లాడబోతున్న," అన్నాడు కైలాసం.

"మాట్లాడు సేటు. నేను ఉంచమని మాట్లాడుత."

"చాయల చక్కెర సరిపోయిందా?"

"జెర తక్కువైంది."

కైలాసం లోపలికి తిరిగి, "శకుంతలా, జెర చక్కెర," అన్నాడు.

కైలాసానికి బాట మీద పగేమీ లేదు. కాని ఆ రాళ్ల వల్ల బియ్యం లారీ దుకాణం ముందర ఆగేది కాదు. బస్టాండు దగ్గర ఆగేది. అక్కడ్నుంచి హమాలీలు బస్తాలు వీపున మోసుకొచ్చేవాళ్లు, దారి పొడుగునా కైలాసం వంశాన్ని తలుచుకుంటూ. స్కూటరు మీదొచ్చే గిరాకీలకు బండి ఆపే చోటు లేక, హైవే పక్కన కొత్తగా పెట్టిన దుకాణాలకు పోయేవాళ్లు. బట్టల దుకాణం వెంకటనారాయణ వర్తకులందరినీ కూడగట్టి, సభలో మాట్లాడేవాడు కావాలంటే అందరూ కైలాసాన్నే చూశారు. అతనికి మాట్లాడ్డం బాగా వచ్చని కాదు. అతను మాట్లాడితే జనం నవ్వుతారు, నవ్విన జనం చెయ్యెత్తుతారని.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద సభ జరిగింది. కైలాసం లేచి, తన లారీ కథ చెప్పాడు. బస్టాండు నుంచి దుకాణం దాకా వచ్చేసరికి బియ్యం బస్తా బరువు తగ్గుతుందనీ, అది హమాలీ చేతివాటమా, గాలికి ఆరుడా ఇప్పటికీ తేలలేదనీ అన్నాడు. జనం నవ్వారు. వెంకటనారాయణ మీసం కింద తృప్తి పడ్డాడు.

తర్వాత లింగం లేచాడు. అతనికి సభలో మాట్లాడి అలవాటు లేదు. "రాత్రంత బట్టీ ముందర ఉంటం. పొద్దుగాల కండ్లు నిలువయి. గా నాలుగు మూరలు మాకిడిసిపెట్టుండ్రి. ఇంకేం అడుగం," అని కూర్చున్నాడు.

"ఇంటికాడ మంచాలు లేవా? రోడ్డు మీద నిద్ర ఏంది?" అన్నాడు వెంకటనారాయణ.

"నీ గల్లా కాడ మధ్యాహ్నం నువ్వు జేసేదేంది మల్ల?" అని వెనక నుంచి ముత్యమ్మ అడిగింది. ఈసారి నవ్వు అటు పోయింది.

సర్పంచ్ చలపతిరావు రెండు వైపులా తలూపగల మనిషి. ఎన్నికలు దూరంలో లేవు. "కొన్ని దినాలు రాళ్లు తీసి సూద్దం. మల్ల కూసోని చేతులెత్తుదం," అన్నాడు.

రాళ్లు తీసిన మరునాడు సైకిళ్లన్నీ బజారు మొదట్లోనే వచ్చి నిలబడిపోయాయి. దొడ్డి మారిన బర్రెల్లా ముందుకు కదలలేదు. పైవాళ్లు ఒక్కొక్కరే మేలుకుని, ఎక్కడున్నామో తెలియక ఒకర్నొకరు అడిగి, దిగి, నడిపించుకుంటూ బజారు దాటారు. రెండు మూడు రోజులకు మేలుకునే తొక్కడం అలవాటు చేసుకున్నారు. ఎర్రబడిన కళ్లు పెద్దవి చేసుకుని, తడిగుడ్డలు తలకు చుట్టుకుని, లారీల పక్కనుంచి.

కైలాసం వ్యాపారం బాగుపడింది. లారీ మెట్ల ముందరే ఆగింది. హమాలీలు అతని వంశాన్ని వదిలేసి వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. స్కూటర్లు వరుసగా నిలిచాయి.

లింగం రోజూ అటే పోయేవాడు, కాని ఆగేవాడు కాదు. మేలుకున్న మనిషి ఇంద్రేశంలో ఉన్న తన ఇంటికే పోతాడు గదా. ఒక చెయ్యి ఎత్తి, "నమస్తే సేటు," అని సాగిపోయేవాడు. శకుంతల మాత్రం రెండు చాయలే తెచ్చేది.

"ఒకటి ఎక్కువైతుంది గద," అన్నాడు కైలాసం.

"చేతికి అలవాటైంది. మీరే తాగుండ్రి."

రెండూ తాగేవాడు. తాగితే మధ్యాహ్నం దాకా గుండె దడదడలాడేది. పారబోద్దామని ఒకసారి గ్లాసు పట్టుకుని మోరీ దాకా పోయి, మళ్లీ తెచ్చుకున్నాడు. కోమటి బుద్ధి, ఏదీ పారేయనియ్యదని తనకు తానే చెప్పుకున్నాడు.

ఒక పొద్దున బియ్యం లారీ వచ్చింది. రోడ్డు మీద లారీ నిలబెట్టి వెనక్కు తెప్పించడం కైలాసానికి కొత్తగా అబ్బిన వైభోగం. రోడ్డు మధ్యలో నిలబడి, రెండు చేతులూ ఊపుతూ, "ఆనేదో... ఆనేదో... ఇంకా ఆనేదో," అని హైదరాబాదు డ్రైవర్లతో సమానంగా కేకలేస్తున్నాడు. లారీ వెనక అద్దంలో తాను పెళ్లి ఊరేగింపు నడిపిస్తున్నవాడిలా కనిపిస్తున్నాడని కూడా చూసుకున్నాడు. అట్లా చూసుకుంటున్నప్పుడే పక్కనుంచి లింగం వచ్చాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ కళ్లలో లారీ లేదు.

"బస్! బస్! ఆపు!" అని కైలాసం అరిచేసరికి ఆలస్యమైంది.

లింగం ఎండుమిరప బస్తాల మీద పడ్డాడు. సైకిలు లారీ వెనక చక్రాల కింద పడింది. లారీ ఆగాక అందరూ పరుగెత్తుకొచ్చారు. లింగం ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, తుమ్ముతూ, ఏడుస్తూ లేచి కూర్చున్నాడు. ఏడుపు నొప్పికో మిరప ఘాటుకో తెలియలేదు. చక్రం కింద అప్పడంలా అయిన సైకిల్ని చూశాడు.

"సేటు, నీ సైకిల్ పాయె," అన్నాడు.

"నాదేంది? నీకు అమ్మిన గద," అన్నాడు కైలాసం. అనాల్సింది ఇంకేదో ఉంది గాని నోటికి అదే వచ్చింది.

స్కూటరు మీద కూర్చోబెట్టుకుని సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోయాడు. దారిలో రెండుచోట్ల ఆగి దవాఖాన ఎటని అడగాల్సి వచ్చింది.

"నిద్రొస్తే నా వీపు మీద వాలు," అన్నాడు వెనక్కు తిరగకుండా.

"దీని మీద రాదు సేటు. గిది ఎవ్వర్ని ఎరుగదు."

చెయ్యి విరిగింది. కట్టు కట్టారు. కట్టు విప్పేదాకా పని లేదన్నారు. తిరిగి ఇంద్రేశం తీసుకుపోతే, అన్న ఇంట్లో అందరూ లోపల ఉన్నారు. వదిన వాకిలి దాకా వచ్చి, కట్టు చూసి, "అయ్యో," అని లోపలికి పోయింది. లింగం పక్క గది తాళం ఒంటిచేత్తో తీయలేకపోతుంటే కైలాసమే తీశాడు. గదిలో ఒక మంచం, ఒక కుండ, గోడకు కంపెనీ క్యాలెండరు. క్యాలెండరు పోయిన నెల దగ్గరే ఆగి ఉంది. చించేవాళ్లు లేరు కాబోలు. కైలాసం ఊరికే నిలబడటమెందుకని ఆ పేజీ చించి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. దుకాణానికొచ్చాక దాన్ని ఏం చేయాలో తెలియక పప్పు పొట్లం కట్టాడు.

రెండో సభ కూడింది. వెంకటనారాయణ ముందే లేచాడు. "ఒక్కని చెయ్యి ఇరిగింది. పాపమే, కాదంటలేను. కాని మా యాపారాలు దినాం ఇరుగుతుండె. ఇప్పుడు ఇప్పుడే నిలబడుతున్నం. హైవే మీద దుకాణాలకు బాట లేదు, రాళ్లు లేవు. బజారు సచ్చినంక నిద్రపోయేటోళ్లకు బాట ఎందుకు, సాఫుగ పెద్ద పరుపే ఏసుకోవచ్చు." ఆ మాటలో నిజం ఉంది. కైలాసానికి తెలుసు. అదే నిజం చెప్పడానికి అతనూ వచ్చాడు. మాటలన్నీ పొద్దున షట్టరు లేపుతూ వల్లె వేసుకున్నాడు కూడా.

లేచి నిలబడ్డాడు. జనం నవ్వడానికి సిద్ధంగా చూశారు.

"మా ఇంట్ల దినాం రెండు చాయలైతయ్," అన్నాడు. "ఒకటి మిగులుతుంది. పారబొయ్య మనసైతలేదు."

అక్కడ ఆగిపోయాడు. నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. సర్పంచ్ గొంతు సవరించుకున్నాడు.

"కైలాసం, అంటే రాళ్లు ఉండాల్నా, వద్దా?"

"ఉండాలె."

వెంకటనారాయణ బిత్తరపోయాడు. "అరే, చాయ మిగిలితే నన్ను పిలువరాదా? దానికి ఊరందరికి అడ్డం పడాల్నా?"

ఇప్పుడు నవ్వారు. కైలాసం కూడా నవ్వాడు. కాని చేతులెత్తమన్నప్పుడు అతని చెయ్యి రాళ్ల వైపే లేచింది. అది లేవకపోతే రెండు పక్కలూ సమానమయ్యేవి. సర్పంచ్ ఇంకో సభ పెట్టి, ఇంకొన్నాళ్లు తలూపేవాడు. ఆ ఒక్క చెయ్యితో రాళ్లు మళ్లీ వచ్చాయి.

"ఎందుకు ఎత్తిండ్రు?" అని ఇంటికొచ్చాక శకుంతల అడిగింది.

"చంకల చీమ కుట్టింది."

"మంచి చీమ."

"లింగం ఎట్లాగు రాడు ఇగ. నా సైకిల్ లేదు గద దానంతటది తెచ్చేతందుకు. ఇగ రెండో చాయ బందుబెట్టు."

దుకాణం వెనక ఒక గది ఉంది. ఖాళీ గోనెసంచులూ, విరిగిన తక్కెడా, వాడని రోలూ వేసి ఉంచుతారు. ఆ సాయంత్రం శకుంతల ఆ గది తుడుస్తుంటే, ఎలుకలు పడ్డాయేమో అనుకున్నాడు కైలాసం.

వర్తకులు కైలాసంతో మాట్లాడ్డం తగ్గించారు. వెంకటనారాయణ ఎదురైతే ఆకాశం వైపు చూసేవాడు, వాన వస్తుందేమోనని. లారీ మళ్లీ బస్టాండు దగ్గరే ఆగింది. హమాలీలు కైలాసం వంశం దగ్గరికి తిరిగొచ్చారు, ఈసారి పాత కోపం వడ్డీతో సహా. స్కూటరు గిరాకీలు కొందరు హైవే దిక్కే పోయారు. "నాలాంటి తెలివిగల్లోడు బజార్ల ఒక్కడే ఉండాలె. ఇద్దరుంటే బజారే ఉండదు," అని అతనే ముత్యమ్మతో అన్నాడు, ఆమె అనకముందే.

లింగం చెయ్యి కుదిరింది. సంగారెడ్డి నుంచి కొత్త సైకిలు తెచ్చుకున్నాడనీ, మూడో షిఫ్టుకే ఎక్కాడనీ హోటల్లో చెప్పుకున్నారు. కొత్త సైకిలు. ఎవరి ఇల్లూ ఎరగనిది. నేరుగా ఇంద్రేశం పోతుంది. మంచిదే.

ఆ పొద్దున కైలాసం షట్టరు సగం లేపాడు. అగరొత్తి వెలిగించాడు. మిగతా సగం లేపాడు. నీళ్లు చల్లాడు. బాట వైపు చూడకుండా ఉండటానికి ఎండుమిరప బస్తాలు సర్ది, విప్పి, మళ్లీ సర్దాడు. శకుంతల చాయలు తెచ్చి పెట్టింది. రెండు.

"బందుబెట్టమన్న గద!"

ఆమె బాట వైపు చూస్తోంది. అతనూ చూశాడు. చూడక చేసేదేముంది.

మూడో షిఫ్టు వస్తోంది. సున్నపు రాళ్ల పక్కన సైకిళ్ల వరుస, తలలు ఒరిగిన మనుషులు. ముత్యమ్మ గొంతు తగ్గించింది. వరుస నడుమ ఒక సైకిలు తళతళ మెరుస్తోంది. గొట్టాలకు చుట్టిన కాగితం ఇంకా తీయలేదు. దాని మీద లింగం, నోరు తెరుచుకుని. అది కైలాసం దుకాణం దాటింది. పక్క దుకాణం మెట్ల దాకా పోయింది. అక్కడ మెల్లగా ఆగి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ముందు చక్రం అటూ ఇటూ తిప్పింది. తర్వాత వెనక్కు మళ్లి వచ్చి, కైలాసం మెట్ల ముందర నిలబడి, కొత్త స్టాండు కిర్రుమనిపిస్తూ దించుకుంది.

కైలాసం దగ్గరికి పోయి సైకిలు చుట్టూ తిరిగాడు. సీటు కింద వంగి చూశాడు. తనది కాదు. ఎన్నడూ తాకింది కాదు.

"పాత సైకిల్ పాత ఇల్లు మరువదంటరు గద," అన్నాడు గొంతు తగ్గించి. "దీనికి పాతదేంది?"

"జోగిపేట దాక పోయినాయనకు జోగిపేటల ఎదురుచూసేటోళ్లు ఎవరుండెనో, ఎవరన్న అడిగిండ్రా?" అని శకుంతల లోపలికి పోయింది.

కైలాసం నిలబడ్డాడు. రోజూ అనే మాట అనడానికి నోరు తెరిచాడు. లే, లింగం. ఆ పైన ఉండాల్సిన నాలుగు మాటలు రాలేదు. నోరు మూసుకుని, లోపలికి పోయి ఒక గోనెసంచి తెచ్చి, లింగం ముఖం మీద ఎండ పడకుండా షట్టరు కొక్కానికి కట్టాడు. బస్టాండు నుంచి బస్తా మోసుకొచ్చిన హమాలీ ధబ్బున దించబోతే, పెదాల మీద వేలు పెట్టాడు. హమాలీ బస్తాను పసిపిల్లలా దించి, కైలాసం వంశాన్ని మనసులోనే తలుచుకున్నాడు.

ఎండ బాగా ఎక్కాక లింగం కళ్లు తెరిచాడు. గోనెసంచిని చూశాడు, మిరప బస్తాలను చూశాడు, బల్ల వెనక పప్పు తూస్తున్న కైలాసాన్ని చూశాడు.

"సేటు! గిది కొత్త సైకిల్ గద. నువ్వు ఎక్కింది గూడ లేదు."

"తయారుజేసిన కాడనే ఏదో తప్పు జరిగినట్టుంది."

"ఇంత పొద్దెక్కింది. లేపకపోతివి?"

"గిరాకీ ఉండె. తీరలే."

దుకాణంలో గిరాకీ ఒక్కరూ లేరు. లింగం కొత్త గంట మీద వేలు పెట్టి, మోగించకుండా తీసేశాడు.

"మల్ల సంగారెడ్డి తీసుకపోయి మార్పియ్యమంటవా?"

కైలాసం తక్కెడలోంచి కొంచెం పప్పు తీశాడు, మళ్లీ వేశాడు. వెనక గదిలోంచి రోలు జరుపుతున్న చప్పుడు, తర్వాత మంచం వాల్చిన చప్పుడు వినిపించాయి.

"ఎందుకు తియ్యి. బండి మంచిగనే ఉన్నది," అన్నాడు. "లోపటికి రా. చాయ చల్లారింది, మల్ల పెడుతుంది."